అరచేతి ఉప్పు

మొక్కు గాదు.
మాల ఎయ్యలే, డాక్టరు జెప్పలే.
ఎవలడిగినా ఇదే జెప్తున్న.
అయినా ఎల్లమ్మ పండుగనాడు
మా బామ్మర్ది లింగస్వామి ఇస్తారి ముందర గూసోని
"మా బావ పంతులయిండు, దూరం జరుగుండ్రి" అన్నడు.
అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన.
పంతులు నా కంచంల దింటడారా అని అడగాల్సుండె.
అడగలే.

ఇరవై రెండేండ్లు గొర్ల బేరం జేసిన.
కొండమల్లేపల్లి అంగట్ల
తెల్లారకముందే ఈపు మీద చెయ్యేసి
ఎన్ని కిలోలు తూగుతదో జెప్పెటోణ్ణి.
అర్ధకిలో అటిటు గాకపోతుండె.
ఒక ఎండకాలం,
బండెక్కిస్తుంటే ఒక పొట్టేలు
నా అరచెయ్యి నాకింది.
చెమట ఉప్పు.
గంతే, ఇంకేం గాలే.
అది అరవలే, కథలల్ల లెక్క
నా కండ్లల్లకు సూడలే.
దానికి ఉప్పు గావాలె, నా చేతికున్నది.
బండి వోయింది.
పొద్దూకినంక బువ్వకు గూసుంటే
చెయ్యి కూర గిన్నె దాంక వోయి ఆగింది.
ఇంకా తడిగనే ఉన్నట్టనిపించె.

సైదమ్మ మూడొద్దులు మాట్లాడలే.
నాలుగోనాడు పొయ్యి ఊదుకుంట
"అయితే ఏం దింటవో జెప్పు" అన్నది.
దానికి బదులు దొరకనీకె
నాకు ఏడాది వట్టింది.

అప్పటిదాంక కూర అంటే ఒకటే కూర.
మిగిలినయన్ని అది లేనినాడు తినేటియి.
పుంటికూర పులుపని ఎరుకనే గని
పెసరపప్పుల ఉడికినంక ఆ పులుపు
కోపం దిగిన మనిషి లెక్కయితదని ఎరుకలేకుండె.
పచ్చజొన్న రొట్టె పెనం మీద పొంగి
ఒక పక్క చిరిగి బుస్సుమంటది,
ఆ ఆవిరిల మొగం వెడితే చేను యాదికొస్తది.
కాల్చిన మిరపకాయ, పచ్చి ఉల్లిగడ్డ,
పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగినంక
గదుమ మీదికెల్లి కారింది
తుడుసుకోబుద్ధిగాదు.
అనపకాయలు వలుస్తుంటే ఒకదాంట్ల పురుగు,
దాని కాయ దానికి ఇడిసిపెట్టి
ఇంకోటి అందుకుంట.
సైదమ్మ సూసి, "గొర్లకాడ లేని జాలి
పురుగుకాడ వచ్చెనా" అంటది.
వచ్చింది. ఆలస్యంగ వచ్చింది.

పుణ్యాత్మున్నని మాత్రం అనుకోలే.
ఆకుకూరల ఈదమ్మ తట్ట దించి
మోకాలు వట్టుకోని లేసింది ఒకనాడు.
కట్ట పది అంటే ఎనిమిదికియ్యమనబోయిన.
"నాలుగు నీళ్ళు కడుగు కొడుకా,
పత్తిచేను పక్కది, మొన్ననే మందు గొట్టిండ్రు" అన్నది.
మరి మీరేం దింటరంటే
"మా ఇంటెనక చిన్న మడి ఉన్నది."
"రేపు గదే తే, ఇరవయ్యిస్త" అన్న.
తెచ్చింది.
నాలుక మీద ఎన్నపూస లెక్క కరిగింది ఆ కూర.
అద్దుమరాత్రి మెలకువొచ్చి లేసి కూసున్న,
ఈదమ్మ మనుమరాండ్లు ఇయ్యాల
ఏ కూర దిన్నరు?

ఆకుకు నెత్తురుండది, నిజమే.
తెంపిన చేతికుంటది.

బాయికాడ నేనే మూడు మడులు ఏసిన.
ఒకదాంట్ల తోటకూర మొలవనే లేదు,
ఒకటి గొర్లే మేసినయి, మా తమ్ముడియే.
ఏమనాలె? మేసినయి.

నిన్న మాపటికి ఈదమ్మ వస్తే
గడపకాడ కాదు, పొయ్యికాడ పీటేసినం.
రొట్టె తుంపి, పప్పుల అద్ది, నోట్లేసుకోని
జరసేపు నమిలి
"ఉప్పు తక్కువైంది సైదా" అన్నది.
నేను లేసి పిడికెడు తెచ్చి చెయ్యి చాచిన.
"చేతికిస్తే కొట్లాటొస్తది, కింద వెట్టు" అని
కసిరింది.
కంచం అంచుకు వోసిన.
వేళ్ళ సందుల ఇంకా కొంచెం ఉన్నది.
ఎవలు సూడకుంట
నాకిన.