స్థిరవారం

ఉత్తరం స్థిరవారం నాడే వచ్చింది,
మీ స్థిర వడ్డీ గడువు ముగిసిందని.

ఐదేండ్ల కింద
ఈ మల్లాపూర్ ఫ్లాట్‌లో పాలు పొంగించడానికి
పంతులు ఏరి కోరి పెట్టింది స్థిర లగ్నమే.
వృషభం, తెల్లవారుజామున నాలుగూ పది.
గోడలు కదలొద్దు, గోడల మధ్య మనుషులు కదలొద్దు.
ఆయన పంచాంగంలో బ్యాంకు లేదు.

ఇన్నాళ్లూ ఏడూ తొంభై.
వచ్చే నెల నుంచి తొమ్మిది.
కిస్తీ అదే ఉంచుతారట,
నెలలు మాత్రం ఇరవై నాలుగు పెంచుతారట.
ఎంత మర్యాదగా రాశారో!
లాలాగూడ వర్క్‌షాప్‌లో నా చివరి సైరన్ మోగాక
ఇంకా రెండేండ్లు
ఈ గోడలకు నేను బాకీ.

స్వరూప పికో మిషన్ ఆపింది.
మెడలో కొలత టేపు అట్లాగే ఉంది.
ఆమెకు శాతాలు ఎక్కవు, అణాల్లో అడుగుతుంది:
"నూటికి నెలకెంత?"
"బారాణా."
"మరి ఆ కొత్త బ్యాంకోళ్లది?"
సాలుకు నూటికి ఒక పావలా తక్కువ.
కానీ ప్రాసెసింగు, వకీలు, విలువ కట్టేవాడు,
స్టాంపులు, వాటి మీద జీఎస్టీ...
గ్యాసు బిల్లు వెనకాల కూడుకుంటూ పోయి
పెన్సిల్ పడేసింది.
"చారాణా కోడికి బారాణా మసాలా!"

మళ్లీ ఐదేండ్లు స్థిరంగా కట్టేద్దామంటే
దాని ధర వేరే, తొమ్మిదీ ముప్పావు.
నిద్రకు కూడా రేటుందన్న మాట.
ఫ్లోటింగ్ అంటే తేలేది అన్నాను.
"మూసీలో తెగిన చెప్పు కూడా తేలుతది," అంది.
ముంబైలో ఎవరో మైకు ముందు గొంతు సవరించుకుంటే
మల్లాపూర్‌లో మా ఉప్పుడబ్బా వణుకుతుంది.

ఆ రాత్రి బాల్కనీలో నిలబడ్డాను.
మౌలాలి గుట్ట ఎక్కడిదక్కడే.
దాని కింద యార్డులో
గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ
పట్టాలు మారుతూనే ఉన్నాయి.
నేను ముప్పై ఏండ్లుగా బాగుచేస్తున్నది
గుట్టను కాదు.

సోమవారం సెలవు పెట్టి ఇద్దరం పోయాం.
మెహజబీన్ మేడమ్ టేబుల్ ముందు
కొత్త బ్యాంకు కాగితం పెట్టి స్వరూప అడిగింది,
మోండా మార్కెట్‌లో బెండకాయలు విరిచి చూసినంత మామూలుగా:
"పాత గిరాకీకి ఏం తగ్గిస్తరు?"
మేడమ్ లోపలికి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.
ఎనిమిదీ ఎనభై ఐదు.
నెలలు పెంచొద్దని చెప్పాం, కిస్తీ పెంచమన్నాం.
పన్నెండు వందలు.
నెలకు ఎన్ని చీరల ఫాల్సో
స్వరూప వేళ్లు టేబుల్ కింద లెక్కపెట్టడం
నేను చూడనట్టే ఉన్నాను.

మా ఇంటి అసలు కాగితాలు
ఏసీ గదిలో, మాకంటే చల్లగా ఉంటాయట.
జిరాక్సు మాత్రం తీసి చూపించింది.
"సార్, సంతకం కలుస్తలేదు."
అప్పుడు నేను పూర్తి పేరు రాసేవాణ్ణి,
గంగిశెట్టి మొగులయ్య,
గుడికట్టుతో సహా, తొందర లేకుండా.
ఇప్పుడు ఒక గీత, ఒక చుక్క.
పాత లెక్కనే చేయాలంది.
తెల్ల కాగితం మీద మూడుసార్లు
ఐదేండ్ల కిందటి నన్ను దిద్దుతుంటే
పక్కన స్వరూప నవ్వు ఆపుకోలేకపోయింది.

"మేడమ్, ఈయన చెయ్యి కూడా
ఫ్లోటింగే రాసుకోండ్రి."