ఐసు చేప

నైజర్ నది పాయలు పాయలై
సముద్రంలో కలిసే చోట
పోటు వచ్చిందని ఇబినాబోకి
ఇప్పుడు ముక్కు చెబుతుంది.
ఒకప్పుడు చెవి చెప్పేది,
మడవేళ్ల సందుల్లో నీళ్లు గుటకలేసే చప్పుడు.

నడుముకి బుట్ట కట్టుకుని
మోకాలి లోతు బురదలో వంగుతుంది.
దొరికిన నత్తని గోటితో తట్టి చూస్తుంది.
ఖాళీ.
ఇంకోటి. అదీ అంతే, గుల్ల నిండా తారు.

పైపు పగిలిన ఏడు
ఎవరెవరో వచ్చారు,
రబ్బరు బూట్లు, సీసాలు, సంతకాలు.
సీసాల్లో పాయ నీళ్లు ఊరు దాటాయి.
జవాబు మాత్రం తిరిగి రాలేదు.

అదొక్కటే అయితే
తిట్టిపోసి ఊరుకునేది.
రాత్రి మడ అడవిలో మంటలు లేస్తాయి.
దొంగచమురు కాచేవాళ్లలో
ఒకడి దగ్గు ఆమెకి తెలుసు.
పసితనంలో ఆ దగ్గుకి
వీపు నిమిరింది తనే.

తెల్లారి సొకారి వస్తాడు,
కనుబొమలు కమిలి, గోళ్లనిండా మసి.
మాట్లాడడు.
బల్లమీద సంచి పెడతాడు:
ఏ చలి సముద్రంలోనో పట్టిన
ఐసు చేప, రాయిలా.
వాళ్ల తాత
నీటి కదలిక చూసి చేప పేరు చెప్పేవాడు.
దీని పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు.

బావి నీళ్లమీద రంగుల తెట్టు.
పక్కింటి బెలేమా
బకెట్‌లో వేలు ముంచి
పువ్వు గియ్యబోయింది.
"తియ్యవే చెయ్యి!" అని కసిరి,
ఆ నీళ్లే కుండలో పోసి
ఎసరు పెట్టింది ఇబినాబో.

ఈలోగా
ఐసు కరిగి బల్ల అంచు నుంచి
బొట్లు బొట్లుగా కారుతోంది,
తేటగా.
ఆమె కాసేపు చూసింది.
కింద గిన్నె పెట్టింది.