పది తెల్ల చొక్కాలు

గ్రీమ్స్‌పేట సందు మలుపులో నా ఇస్త్రీ బండి.
వారానికి పది తెల్ల చొక్కాలు తెస్తారు ఇద్దురూ,
ఒకరు లేకుండా ఒకరు రారు.
ఒకడిది రాజమండ్రి దిక్కు, జొన్నాడ.
ఇంకొకడిది సముద్రం మధ్యలో టోంగా అంట,
టౌఫా, గుమ్మానికి తల తగిలేంత మనిషి.
జేబు మీద నల్ల బిళ్ల, పేరుకు ముందర 'ఎల్డర్'.
అంటే పెద్దాయన అని జొన్నాడ చెప్తే
బొగ్గులు ఊదతా ఊదతా నవ్వినా.
పందొమ్మిదేండ్ల పెద్దాయన!
మీసమే సరింగా మొలవలా.

టీ ఇస్తే వద్దన్నారు.
నా గ్లాసనే వద్దంటాండారని
మనసు చివుక్కుమనింది.
మర్నాడు రాగంబలి పోస్తే
టౌఫా రెండు చెంబులు తాగి
ఇంకా ఉందా అన్నట్టు కుండకల్లా చూసినాడు.

వానిది పుస్తకంలో నేర్చిన తెలుగు.
"మీరు భోంచేశారా?" అన్నాడొక దినం.
ఎవురినబ్బా అని ఎనక్కి తిరిగి చూసినా.
ముప్పై ఏండ్లుగా ఈ సందుకు నేను 'ఏమ్మే'నే.

సోమవారం వాళ్లమ్మతో మాట్లాడతాడు.
ఆ పొద్దు కండ్లు ఎర్రగా ఉంటాయి.
ఎండ, అంటాడు.
అవును నాయినా, చిత్తూరు ఎండ, అంటా.

ఒకసారి నాకు కునుకు పట్టి
చొక్కా వీపున తమలపాకంత మచ్చ కాలింది.
దుడ్లు ఇయ్యబోతే "పర్వాలేదండీ" అని
ఆ చొక్కానే తొడుక్కుని
ఊరంతా సైకిల్ తొక్కినాడు.

ఇప్పుడు జొన్నాడ పక్కన కొత్తోడు.
వాని చొక్కాలు చిన్నవి,
అరదోసిలి నీళ్లు చాలు.
నా చెయ్యేమో
పాత కొలతే చల్లేసింది.