మామూలు బండి

పుత్లీబౌలిలో మొయిజ్ భాయ్ బండిని స్టాండు మీదికెత్తి
బండిని కాదు, నన్ను చూశాడు.
"ఇంజన్ మంచిగుంది, చైన్ మంచిగుంది,
సార్ నడుమే ఖరాబైంది."

తొమ్మిదేళ్లు
కాళ్లు ముందుకు చాపి, చేతులు బార్లా తెరిచి
బరాత్‌లో పెండ్లికొడుకులా
మూసారాంబాగ్ నుంచి ఖైరతాబాద్ దాకా ఊరేగాను.
ఆఫీసుకు. రోజూ.
టిఫిన్ డబ్బాతో.

కొన్నప్పుడు అనుకున్నది వేరే.
శ్రీశైలం రోడ్డు, మన్ననూరు దాటాక అడవి,
ఎండుటాకుల మీద దుప్పటి పరిచినట్టు
దడదడమని చప్పుడు పరుచుకుంటూ పోవడం.
పోయాను, అబద్ధమెందుకు,
మూడుసార్లు.
మిగతా వానాకాలాలన్నీ మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద
సైలెన్సర్‌లోకి నీళ్లు పోతాయేమోనని
ఊపిరి బిగబట్టి.

దానికి తిన్నని రోడ్డంటే ప్రాణం.
నా దారిలో తిన్నని రోడ్డు
మెట్రో పైన పోతుంది, నేను కింద.
చాదర్‌ఘాట్ దగ్గర మలుపు తిప్పాలంటే
రెండు కాళ్లూ నేలకానించి
ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి,
ఇరుకు గదిలో బీరువా జరిపినట్టు.
వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీసేవాడు కాదు.
గుంత వస్తే లేచి మోకాళ్ల మీద నిలబడదామంటే
మోకాళ్లెక్కడ? అవి నాకంటే ముందే వెళ్లిపోయాయి.
ప్రతి స్పీడ్ బ్రేకరూ
వెన్ను అడుగున ఆఫీసు ముద్రలా పడేది,
ఠప్పున, తేదీతో సహా.

ఎక్స్‌రేని లైటుకు పెట్టి డాక్టరు
ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ అని
కొత్త మోడళ్ల పేర్లలా చదివాడు.

రాణీగంజ్ షోరూములో పిల్లవాణ్ని అడిగాను,
"స్టాండర్డ్ అంటే ఏంది?"
కాసేపు తల గోక్కుని
"అంటే సార్... మామూలు బండి."
మా ఆఫీసులో ఆ మాటకు ఇంకో అర్థముంది.
నవ్వాను. నడుము కలుక్కుమంది.

హ్యాండిల్ ఉండాల్సిన చోట హ్యాండిల్.
కాలు మోకాలి కిందే ఆగింది.
గుండ్రటి లైటు.
బూడిద రంగు టాంకు, దాని మీద
రెక్కలు లేవు, మంటలు లేవు.
బడిలో మోటారు సైకిల్ బొమ్మ గీయమంటే
మేమంతా గీసింది దీన్నే,
పొగ ఒక్కటి ఎక్కువ పెట్టేవాళ్లం.

నైట్ డ్యూటీ దిగి వచ్చిన హైమ
నర్సు చెప్పులతోనే వెనక ఎక్కింది.
పాత బండికి వెనక సీటంటే అరచేయంత,
నాకంటే జానెడు ఎత్తున.
పిట్టగోడ మీద కూర్చున్నట్టు కూర్చునేది.
ఏదో అంటూ ఉండేది, గాలి పట్టుకుపోయేది,
నేను తల ఊపేవాణ్ని.
ఇది బల్లలా సమంగా ఉంది.
ట్యాంక్‌బండ్ మీద, హుస్సేన్‌సాగర్ కంపు సన్నగా తగులుతుండగా
చెవి పక్కనే స్పష్టంగా వినిపించింది:
"ఇండికేటర్ ఆపలే."
ఆపాను.
"తొమ్మిదేండ్ల సంది చెప్తనే ఉన్న."

పాతదాన్ని కొనడానికి బోయిన్‌పల్లి నుంచి
నిఖిలేశ్ అనే కుర్రాడు వచ్చాడు.
ఎక్కి, కాళ్లు చాపి, చేతులు తెరిచాడు.
అద్దంలో ముఖం చూసుకున్నాడు, రోడ్డును కాదు.
అన్నీ చెప్పాను.
చలికాలం పొద్దున్నే చోక్ ఎంత లాగాలో,
మూడో గేరులో వచ్చే గిలకల చప్పుడు,
వెనక బ్రేకు అలక.
నడుము సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగింది.
"శ్రీశైలం పోతుందా అంకుల్?"
పోతుంది, అన్నాను.

సందు మలుపులో రెండు కాళ్లూ కింద పెట్టి
ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి జరుపుతుంటే
చెయ్యి సాయం పట్టాను.

ఇప్పటికీ సిగ్నల్ పచ్చబడగానే
నా ఎడమ కాలు గేరు కోసం ముందుకు చాచుకుంటుంది.
అక్కడ ఏమీ ఉండదు.
వెనకోడు హారన్ కొడతాడు.