పన్నెండో నెల ఫోను

లియెపాయాలో జనవరి.
కిటికీ అద్దాన్ని సముద్రపు గాలి
అరచేత్తో కొడుతూనే ఉంది.
నా బల్ల మీద నలభై ఒక్క పేర్లు.
నిరుడు ఇదే నెలలో
వీళ్ళ వెన్నుల్లో మరలు బిగించారు మావాళ్ళు.
ఏడాది నిండింది. ఇప్పుడెలా ఉన్నారో
అడగడం నా ఉద్యోగం.

సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత?

ఆర్వీడ్స్, రేవులో క్రేను నడిపేవాడు,
చాలాసేపు ఆలోచించి "మూడు" అన్నాడు.
"కాదు, నాలుగు వెయ్యండి.
రేపు గాలి మారుతుంది.
రేడియో కన్నా ముందు నా నాలుగో పూసకి తెలుస్తుంది."
నాలుగు వేశాను.
గాలికి గడి లేదు.

ఎంత దూరం నడవగలరు?
వంద మీటర్లా, అర కిలోమీటరా, రెండా?
వీళ్ళెవరూ మీటర్లలో నడవరు.
రొట్టెల కొట్టు దాకా, అంటారు.
ట్రాము ఆగే చోటు దాకా, బెంచీ ఖాళీగా ఉంటే.
మా ఆవిడ సమాధి దాకా, తిరిగొచ్చేటప్పుడే కష్టం.
సొరుగులో ఊరి పటం పెట్టుకున్నాను.
స్కేలుతో కొలిచి
వాళ్ళ ఊరిని మీటర్లలోకి దించుతాను.

నిద్ర పడుతోందా అంటే
"నడుం వాల్చడం వేరు, నిద్ర వేరు,
మీకేది కావాలి?" అంటుంది బడిపంతులమ్మ వెల్తా.
ఎనిమిదో ప్రశ్న దాంపత్యం గురించి.
అక్కడికి రాగానే అందరికీ దగ్గొస్తుంది.
నాకూ.

స్కైద్రీతె గారు
ముప్ఫయ్యేళ్ళు ట్రాములో టికెట్లు కోసిన మనిషి.
ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది,
మరలు చెక్కుచెదరలేదు,
డాక్టరుగారు ఫైలు మీద "సఫలం" అని రాసి
కింద గీత కూడా గీశారు.
"ఎనిమిది," అందావిడ.
ఆపరేషనుకి ముందు?
"ఆరు. అప్పుడు వీపుకి నూనె రాసే చెయ్యి ఉండేది.
అక్టోబరులో పోయింది."
చెయ్యి అనే అంది. మనిషి పేరు చెప్పలేదు.
పన్నెండు పేజీలూ తిరగేశాను
ఇదెక్కడ రాయాలో దొరుకుతుందేమోనని.
"ఈ ఎనిమిది మన సగటుని పాడుచేస్తోంది,
పొరపాటున పడిందా?" అన్నాడు లెక్కలు చూసే కుర్రాడు.
కాదన్నాను.
ఉండనివ్వమన్నాను.

మధ్యాహ్నం కింది అంతస్తులో కాఫీ.
అక్కడ జింత్రా,
మనుషులు వదిలేసి వెళ్ళిన మోకాళ్ళని
మైనంలో పోసి, పొరలు పొరలుగా కోసి
రంగులో ముంచుతుంది.
మృదులాస్థి బాగున్నచోట ఎర్రన.
అరిగినచోట సున్నం కొట్టిన గోడ.
కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు.
ఇరవయ్యేళ్ళయింది, ఆమె ఇంకా
కీలు దగ్గరే ఉంది.
ఎప్పటికి తేలుతుంది, అంటే
సూక్ష్మదర్శిని మీంచి తలెత్తకుండా
"ఈ నూట పదిహేడో నంబరు
చాలా మెట్లెక్కింది పాపం," అంటుంది.
కప్పు పట్టుకున్న నా చూపుడువేలి కణుపు
ఈ చలికాలంలోనే కాస్త లావెక్కింది.
ఆమె చూసింది.
చూడనట్టు చక్కెర నా వైపు జరిపింది.

సాయంత్రానికి ఒక్కడు మిగిలాడు.
ఇమాంట్స్, అరవై తొమ్మిది.
మూడు రోజులుగా మోగి మోగి ఆగిపోతోంది.
ఇలాంటివాళ్ళకి మా పట్టికలో ఒక మాటుంది,
"జాడ తప్పినవారు".
పోయారనీ కాదు, బాగున్నారనీ కాదు.
కలం మూత తీశాను.

ఫోను మోగింది.
అవతల గాలి, గాలి,
ఇనుము మంచుని కొరుకుతున్న చప్పుడు.
"సరస్సు మీదున్నాను. గడ్డకి బెజ్జం వేస్తున్నాను.
వంగొద్దన్నారు, తెలుసు.
డాక్టరుగారికి చెప్పకండి.
త్వరగా అడగండి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

ప్రశ్నలన్నీ ఎదురుగానే ఉన్నాయి.
నొప్పి ఎంత, నిలబడితే ఎంతసేపు, బరువు ఎన్ని కిలోలు.

"చేప పడిందా?" అని అడిగాను.

"ఒకటి," అన్నాడు.
"చిన్నది. వదిలేశాను."