రెండు అరచేతుల టగ్గు

సబ్బునీళ్ళ బేసిన్లో టగ్గు నానుతోంది.
అచ్చుకి రాసిన జిడ్డు వదలకపోతే
రంగు నిలవదు, పొరలా లేచొస్తుంది.
పాత టూత్‌బ్రష్‌తో పొట్ట రుద్దుతాను,
పసిదానికి నలుగు పెట్టినట్టు.

కాడలు కోసి, గరుకు కాగితం తడిపి
నీళ్ళలోనే అరగదీస్తాను.
"ఏటా దుమ్ము? ముక్కుకి గుడ్డ కట్టు"
వంటింట్లోంచి గౌరమ్మ.
వంకరపోయిన స్తంభాన్ని వేన్నీళ్ళలో ముంచి
మెత్తబడగానే సరిచేసి చన్నీళ్ళలో వదుల్తాను.
ఇనుమూ ఇంతే. అక్కడ మంట, ఇక్కడ టీ గిన్నె.

ముప్ఫై ఒక్క ఏళ్ళు షిప్‌యార్డులో ప్లేట్లు అతికాను.
ఓడంటే నాకెప్పుడూ గోడే,
ఏ చివరా కనపడేది కాదు.

నాలుగు రోజులుగా ముసురు.
యారాడ కొండ జాడ లేదు.
ఈ తేమలో ప్రైమర్ కొడితే బూజులా తెల్లబడుతుంది.
ఆగాలి. ఆగడం
రిటైరయ్యాకే వచ్చింది నాకు.

ఆఖర్న మనుషులు, చిటికెనవేలి గోరంత, నలుగురు.
భూతద్దం కింద ఒకడి కుడిచేతికి
రెండు వేళ్ళు లేవు.
పోతలో గాలిబుడగ చిక్కింది.
పుట్టీ కలిపి సూదిమొనకి అద్దాను.

రోలింగ్ మిషను వేళ్ళు తిన్న నెలకి
నూకయ్య డ్యూటీకొచ్చి
ఎడంచేత్తో క్యారేజీ విప్పి
"పులుసు ఒలకలేదురోయ్" అన్నాడు.

సూది తుడిచేశాను.
వాణ్ణలాగే నిలబెట్టాను
ముందు భాగాన, తాడు దగ్గర.
జిగురు పట్టేదాకా ఊపిరి బిగబట్టాను.

వాడితోపాటు నా బొటనవేలూ
డెక్కుకి అంటుకుపోయింది.
గౌరీ, కాసిని వేన్నీళ్ళు!