మేకు మీద తుప్పు

నాది చిన్న పని.
ఇంటి ముందు గుంట తీసి అమ్మకం బోర్డు పాతడం,
ఇల్లు అమ్ముడుపోయాక బోర్డు పీకి గుంట పూడ్చడం.
షానన్ ఒడ్డున మా ఊళ్లో
ఆ రోజుల్లో పూడ్చడానికే ఎక్కువ పరిగెత్తేవాణ్ని.
సోమవారం పాతింది గురువారానికి పీకాలి,
మట్టి ఇంకా సర్దుకోకముందే,
మేకుల తలలు కొత్త నాణేల్లా మెరుస్తుండగానే.

గెరటీ గారి ఆఫీసు అద్దంలో
ఒక్కో ఇంటి ఫొటో కింద ఒక్కో అంకె.
వాటిని దిద్దే పిల్ల ఆయిషిన్
తెల్లరంగు సీసా జేబులోనే పెట్టుకు తిరిగేది.
అంకె మీద అంకె, దాని మీద మరో అంకె.
కాయితం అక్కడ అట్టలా మందమెక్కింది,
కళ్లు మూసుకు తడిమినా ధర చేతికి తగిలేది.

చేపల కొట్టు మీది అద్దె గదుల్లో
నువలా, నేనూ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాం.
గుమ్మానికి సరిపడా కూడేసరికి
ఇల్లు ఇంకో గదంత దూరం జరిగేది.
ఆ ఏడు బ్యాంకువాడే ఫోన్ చేశాడు:
చేతిలో ఏమీ లేకపోయినా పర్లేదు, సంతకం చాలు,
నలభై ఏళ్లలో తీర్చండి.
నాకప్పటికే నలభై మూడు.
నువలా వేళ్ల మీద లెక్కేసి నవ్వింది:
"అప్పటికి నువ్వు తీసే గుంట నీదే అయ్యుంటుంది, కోల్మన్."
ఆ రాత్రి మేమిద్దరం సరిగా నిద్రపోలేదు.
సంతకం పెట్టలేదు. తెలివి వల్ల కాదు,
పెన్ను దొరకలేదని ఇప్పటికీ అంటాను.

ఇది నిలుస్తుందా అని పబ్బులో ఎవరో అడిగారు.
కొత్త వ్యాను తాళాలు గలగలలాడిస్తూ
ప్లాస్టరింగు ఫిన్‌బార్ అన్నాడు,
"మనుషులు పుట్టడం ఆగితే కదా!"
లెక్కల మాష్టారు గ్లాసు కింది అట్ట మీద గీత గీశాడు.
గీత అట్ట దాటి, బల్లెక్కి, నా మోచేతి దాకా వచ్చింది.
పెగ్ మాత్రం ఏమీ అనలేదు.
గ్లాసు మీదికి పొంగిన నురగను
చెక్కతో గీకి తొట్టిలో పడేసింది.

తర్వాత ఊరి చివర ఆవులు మేసే చిత్తడిలో
నూట పన్నెండు ఇళ్లు లేచాయి.
ఆల్డర్ తోట అని పేరు.
ఆ ఆల్డర్ చెట్లను లారీకెత్తింది మా తమ్ముడే.
ఒక్క రోజులో ముప్పై బోర్డులు పాతాను, అరచేతులు బొబ్బలెక్కాయి.
ఆదివారం దాకా ఫోన్ కోసం చూశాను.
ఆ పై ఆదివారం కూడా.
అక్టోబరు వానలన్నీ వాటి మీదే కురిశాయి.

గాలికి ఒరిగిన బోర్డు నిలబెట్టబోతే
బొటనవేలికి ఎర్రగా ఏదో అంటింది.
నెత్తురనుకున్నాను. తుప్పు.
గెరటీకి చూపించాను.
"వానలో మేకు తుప్పు పట్టదా, అదేం వింత?" అన్నాడు.
వింత కాదు.
నా మేకులకు వాన చూసేంత ఆయుష్షు
అంతకు ముందెప్పుడూ లేదు, అంతే.

ధర కొండెక్కిందని ఊరంతా చెప్పుకున్నాం.
దీపం కూడా కొండెక్కుతుందని
ఆ పబ్బులో ఎవరికీ గుర్తు రాలేదు.
బిల్డరు వెళ్లిపోయాడు, వీధి లైట్లు కోసేశారు.
ఫిన్‌బార్ వ్యాను ఎవరో తోలుకుపోయారు.
నూట పన్నెండులో ఒక్క కిటికీ వెలిగేది:
డొరోటా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ,
టార్చిలైటు పట్టుకుని ఇంటికొచ్చే నర్సు.

ఆమె గుమ్మం ముందు రోడ్డు వెయ్యలేదు. మోకాలి లోతు బురద.
"ఈ బోర్డొకటి ఇస్తారా?" అని అడిగింది.
పీకి, అడ్డంగా పరిచాను.
అమ్మబడును అన్న అక్షరాల మీద
ఆమె కొడుకు బడి బూట్లతో
ఇవతలి నుంచి అవతలికి, మళ్లీ ఇవతలికి
ఎందుకో ఏడెనిమిదిసార్లు నడిచాడు.

ఎంతకు కొన్నావని నేనడగలేదు.
ఆమే చెప్పలేదు.
లోపలికి పిలిచి టీ ఇచ్చింది,
పాలు కాస్త ఎక్కువయ్యాయి.